వేసవిలో ఇంటి చదువు: చిన్నపిల్లలకు తేలికగా ఎలా ప్లాన్ చేసుకోవాలి

పిల్లలకు ఇంట్లో చదువు చెప్పిన మొదటి వేసవిలో నేను గోడకు ఒక టైమ్‌టేబుల్ అంటించాను. ఎనిమిదిన్నరకు చదవడం, తొమ్మిదింబావుకు రాయడం, పదింటికి లెక్కలు, పదకొండింటికి సైన్సు. ఒక్కోదానికి ఒక్కో రంగు. మొదటి రెండు రోజులు బాగానే నడిచింది. మూడోరోజు చిన్నాడికి జ్వరం వచ్చింది, నాలుగోరోజు చుట్టాలు దిగారు. వారం తిరిగేసరికి ఆ చార్టు వంక చూడాలంటేనే నాకు టెన్షన్. ఆరేళ్ల మా అమ్మాయి ఒకరోజు దాని ముందు నిలబడి, "అమ్మా, మనం ఎంత వెనకబడ్డాం?" అని అడిగింది. ఇంకా పాలపళ్లు ఊడని పిల్ల నోట వెనకబడటం అన్న మాట వినేసరికి మనసు చివుక్కుమంది. ఆ సాయంత్రమే చార్టు తీసేశాను.

తర్వాతి వేసవులన్నీ ఇంకో పద్ధతిలో నడిపాం. రోజు మొత్తానికి ముప్పై నలభై నిమిషాల చదువు, సెలవులంతా సాగే ఒక పరిశీలన, రాత్రి ఒక కథ. మిగతా రోజంతా పిల్లలదే. ఇంత తక్కువ సరిపోతుందా అని చాలామంది అడుగుతారు. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల మధ్య పిల్లలకు సరిపోతుంది. కాకపోతే ఆ కొంచెమూ తప్పకుండా జరగాలి. ఏడాదంతా ఇంట్లోనే చదివించేవాళ్లకూ, బడి పిల్లలకు సెలవుల్లో మాత్రం చెప్పుకునేవాళ్లకూ ఇదే పద్ధతి పనికొస్తుంది.

ముందు ఆ భయం సంగతి చూద్దాం

సెలవుల్లో పిల్లలు అంతా మర్చిపోతారన్న భయంతోనే మనం ఎక్కువ పెట్టుకుంటాం. ఈ విషయం మీద 1996లో హ్యారిస్ కూపర్ అనే అమెరికన్ పరిశోధకుడు, ఆయన సహచరులు కలిసి అంతకుముందు జరిగిన 39 అధ్యయనాలను పరిశీలించారు. సగటున చూస్తే వేసవి ముగిసేసరికి పిల్లలు ఒక నెల చదువు మేర వెనక్కి జారుతున్నారని తేల్చారు. ఎక్కువగా జారేవి లెక్కలు చేయడం, స్పెల్లింగ్. తర్వాత వచ్చిన పరిశోధకుల్లో కొందరు ఈ నష్టం అంత ఉండకపోవచ్చని, పరీక్షలు పెట్టిన తీరువల్ల కూడా అంకెలు పెరిగి కనిపిస్తాయని అన్నారు.

ఎంత జారుతుందన్న వాదన ఎలా ఉన్నా, ఏది జారుతుందన్నది మనకు పనికొచ్చే ముక్క. ఒకసారి బాగా అర్థమైన సంగతి అంత తేలిగ్గా పోదు. కూడికలు, తీసివేతలు, అక్షరాల పొందిక లాంటివి వాడుతూ ఉంటేనే చేతిలో నిలుస్తాయి. జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ తన జ్ఞాపకశక్తి మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో ఫలితాలు ప్రచురించాడు. ఒకే విడతలో వల్లెవేసినదానికంటే రోజుల మీద విడదీసి చదివినది ఎక్కువ గుర్తుంటుందని అందులో తేలింది. అంటే ఆదివారం రెండు గంటలు కూర్చోబెట్టడం కంటే రోజూ పది నిమిషాలు మేలు. మన ప్లాన్ అంతా ఈ ఒక్క మాట మీదే నిలబడుతుంది.

మొదటి పని: క్యాలెండర్‌లో కొట్టివేతలు

సెలవుల నెలల పేజీలు ముందేసుకోండి. ఒక పెన్సిల్‌తో, చదువు జరగని రోజులన్నీ కొట్టేయండి. ప్రయాణాలు, పెళ్లిళ్లు, చుట్టాలు వచ్చే రోజులు, మీకు ఆఫీసు పని ఎక్కువుండే రోజులు. బడి పిల్లలైతే మొదటి రెండు వారాలు పూర్తిగా వదిలేయండి. ఏడాదంతా అలసిన పిల్లలకు ముందు కడుపునిండా నిద్ర, ఆట కావాలి. ఏడాదంతా ఇంట్లో చదివే పిల్లలకైనా ఒక వారం ఖాళీ తప్పనిసరి. మీకూ ఆ ఖాళీ కావాలి.

పది వారాల సెలవులనుకుంటే ఇలా కొట్టేశాక ఆరు వారాలు మిగులుతాయి. వారానికి నాలుగు రోజులే లెక్కేసుకోండి. మొత్తం ఇరవైనాలుగు రోజులు. ఈ అంకె చూడగానే ఇంతేనా అనిపిస్తుంది. కానీ రోజుకు పది నిమిషాలు పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తే మొత్తం నాలుగు గంటలవుతుంది. ముప్పైమంది ఉన్న తరగతిలో టీచర్ ఒక్క పిల్ల పక్కనే నాలుగు గంటలు కూర్చోవడం ఎంత కష్టమో ఆలోచించండి. ఆ ఒక్కరికీ మీరు ఇస్తున్నది అదే.

రెండో పని: మూడు రోజులు ఊరికే చూడండి

పుస్తకాలు కొనకముందే ఇది చేయాలి. మూడు రోజులపాటు పిల్లలు ఏం చదువుతున్నారో, ఎక్కడ ఆగుతున్నారో చూస్తూ ఉండండి. పరీక్ష పెడుతున్నట్టు ఉండకూడదు. దారిలో బోర్డులు చదువుతారు, ఆటలో పాయింట్లు లెక్కపెడతారు, చెల్లికి బొమ్మలు పంచుతారు. ఇక్కడే చాలా తెలుస్తుంది.

ఒక కాగితం మీద రెండే రాసుకోండి. తనకు బాగా వచ్చింది ఒకటి, ఇప్పుడిప్పుడే వస్తున్నది ఒకటి. ఆ రెండోది మీ వేసవి లక్ష్యం. బొత్తిగా రానిదాన్ని వేసవికి పెట్టుకోకండి. ఎండాకాలపు బద్ధకంలో కొత్త కొండ ఎక్కించడం కంటే, సగం వచ్చినదాన్ని పూర్తిగా పట్టుబడేలా చేయడం ఎంతో హాయి. పిల్లలకు నమ్మకం కూడా దానితోనే వస్తుంది.

లక్ష్యం చిన్నగా, కంటికి కనిపించేలా ఉండాలి. "తెలుగు బాగా చదవాలి" అని రాసుకుంటే ఏ రోజు ఏం చేయాలో తెలియదు. మా అమ్మాయికి ఆ ఏడాది నేను పెట్టుకున్నది ఇది: ఒత్తులున్న మాటల దగ్గర ఆగకుండా చదవడం. రెండు రోజులు దగ్గర కూర్చుని గమనిస్తే ఒక సంగతి తెలిసింది. అన్ని ఒత్తుల దగ్గరా ఆగట్లేదు. చెట్టు, గడ్డి, కప్ప గబగబా చదివేస్తోంది. గొర్రె దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగిపోతోంది. ఎందుకంటే చాలా ఒత్తులు తలకట్టు తీసేసిన అసలు అక్షరంలాగే ఉంటాయి. త, న, మ, య, ర, ల అన్న ఆరింటి ఒత్తులకు మాత్రం అసలు అక్షరంతో పోలికే ఉండదు. చూసి ఊహించడం కుదరదు, గుర్తుపెట్టుకోవాల్సిందే.

ఆరు ఒత్తులు, ఆరు వారాలు. వారానికొకటి తీసుకున్నాం. మొదటి వారం అమ్మ, బొమ్మ, కొమ్మ. తర్వాత అన్న, చిన్న, కన్ను. తర్వాత అత్త, కొత్త, మెత్త. తర్వాత పిల్లి, ఇల్లు, బల్ల. తర్వాత ఎర్ర, గొర్రె, బుర్ర. చివరి వారం ఉయ్యాల, గొయ్యి, పొయ్యి. మాటలు చిన్న అట్టముక్కల మీద రాసి ఇల్లంతా దాచేవాళ్లం, దొరికినదాన్ని గట్టిగా చదివితే ఆ ముక్క తనది. మీ పిల్లలకు అవసరమైనది ఇంకోటి కావచ్చు. మ, య తేడా తెలియకపోవడం, ప, వ ఒకదానికొకటి మార్చేయడం, దీర్ఘాలు వదిలేయడం చిన్నవాళ్లలో తరచూ కనిపిస్తాయి. ఏదైనా సరే, ఒక్కదాన్నే పట్టుకోండి.

లెక్కల్లోనూ అంతే, ఒకటే లక్ష్యం.

మూడో పని: చదువును ఒక అలవాటుకు ముడివేయండి

తొమ్మిదింటికి అని పెట్టుకుంటే తొమ్మిదీ పదికి మీకు చిరాకు మొదలవుతుంది. పొద్దున తిన్నాక, స్నానం అయ్యాక, ఇలా రోజూ ఎలాగూ జరిగే ఏదో ఒక పనికి చదువును అతికించండి. గిన్నెలు సింకులో పడ్డాయంటే చాప పరిచే వేళ అయిందని మా పిల్లలకు తెలుసు. పిలవాల్సిన పని ఉండదు.

చిన్నపిల్లలకు పాఠం పొట్టిగా ఉండాలని గట్టిగా చెప్పినవాళ్లలో షార్లెట్ మేసన్ ఒకరు. 1842 నుంచి 1923 వరకు జీవించిన ఈ బ్రిటిష్ విద్యావేత్త, ఆ వయసు పిల్లలకు ఒక్కో పాఠం ఇరవై నిమిషాలు దాటకూడదనేది. నేనైతే నాలుగైదేళ్ల వాళ్లకు పది నిమిషాలే అంటాను. మన రోజు ఇలా ఉంటుంది: పది పదిహేను నిమిషాలు చదవడం, పది నిమిషాలు లెక్కల ఆట, పది నిమిషాలు పరిశీలన పుస్తకంలో ఒక బొమ్మ, ఒక వాక్యం. అంతే. పిల్లలు "ఇంకొంచెం" అంటున్నప్పుడే ఆపేయండి. ఆ మిగిలిన ఆకలే మర్నాడు వాళ్లను చాప మీదికి తీసుకొస్తుంది.

చదవడం

రెండు రకాల పుస్తకాలు దగ్గర పెట్టుకోండి. ఒకటి పిల్లలు మీకు చదివి వినిపించేది, రెండోది మీరు వాళ్లకు చదివి వినిపించేది. ఈ రెండూ కలిసిపోతే ఇబ్బంది. పిల్లలు చదివేది తేలికగా ఉండాలి. నేను వాడే కొలత ఒకటుంది. ఒక పేజీలో ఐదు మాటల కంటే ఎక్కువచోట్ల ఆగితే ఆ పుస్తకం ప్రస్తుతానికి నా చేతికి వచ్చేస్తుంది, నేనే చదువుతాను. మీరు చదివేది మాత్రం వాళ్ల స్థాయికి కాస్త పైనే ఉండొచ్చు. చెవితో అర్థం చేసుకునే శక్తి కంటితో చదివే శక్తి కంటే చాలా ముందుంటుంది.

చదివాక ప్రశ్నలు వేయకండి. పుస్తకం మూసి, "ఏం జరిగిందో నాకు చెప్పు" అనండి చాలు. విన్న కథను పిల్లలే తిరిగి చెప్పడం షార్లెట్ మేసన్ పద్ధతిలో ముఖ్యమైన భాగం. చేసి చూస్తే ఎందుకో తెలుస్తుంది. మొదట్లో "ఒక కుక్క ఉంది, అయిపోయింది" అంటారు. ఫర్వాలేదు. రెండో వారానికి కుక్క ఎందుకు పారిపోయిందో కూడా చెబుతారు. చెబుతున్నప్పుడు మధ్యలో దిద్దకండి. తప్పు చెప్పినా చివరిదాకా విని, "నాకు ఆ ముక్క ఇంకోలా గుర్తుంది, చూద్దామా?" అని పేజీ తిప్పండి. ఐదేళ్ల పిల్లాడికి ఇది వ్యాసం రాయడానికి తొలిమెట్టు. పెన్ను పట్టకుండానే సంగతులను వరసలో పెట్టడం నేర్చుకుంటున్నాడు.

లెక్కలు, నేల మీద

పదిని విడదీయడం బాగా వస్తే ఈ వయసులో సగం లెక్కలు వచ్చినట్టే. పది గింజలో, గుండీలో, గులకరాళ్లో తీసుకోండి. పిల్లలతో లెక్కపెట్టించండి. ఒక గిన్నె బోర్లించి దాని కింద కొన్ని దాచండి. బయట ఆరు కనిపిస్తున్నాయి, లోపల ఎన్ని? మొదట్లో వేళ్ల మీద లెక్కపెడతారు. రోజూ ఐదు నిమిషాలు ఆడితే కొన్నాళ్లకు గిన్నె పెట్టీ పెట్టకముందే "నాలుగు" అని అరుస్తారు. ఆ తర్వాత దాచే వంతు వాళ్లకివ్వండి, మీరు అప్పుడప్పుడూ తప్పు చెప్పండి. మిమ్మల్ని సరిదిద్దడంలో వాళ్లకున్న ఆనందం అంతా ఇంతా కాదు.

పది దాటాక తెలుగు మనకు బాగా సాయం చేస్తుంది. పద్నాలుగులో పది, నాలుగు వినిపిస్తాయి. పదహారులో పది, ఆరు. పదిహేడులో పది, ఏడు. పిల్లలతో ఈ మాటలు విడదీసి పలికించండి, పది గింజల కుప్ప ఒకవైపు, విడి గింజలు ఒకవైపు పెట్టించండి. స్థానవిలువ అన్న పెద్ద మాట వాడకుండానే సంగతి తలకెక్కుతుంది. పదకొండు, పన్నెండు, పంతొమ్మిది మాత్రం కాస్త దాగుడుమూతలు ఆడతాయి, వాటిని విడిగా చెప్పుకోవాలి.

ఏడెనిమిదేళ్ల వాళ్లకైతే రెండు పాచికలు చాలు. వేసి కూడటం, తర్వాత తీసివేయడం, తర్వాత గుణించడం. వర్క్‌షీట్లు వద్దనను, వారానికి ఒకటి చేస్తే చాలు.

నాలుగో పని: వేసవంతా సాగే ఒకే ఒక్క పరిశీలన

ఈ ప్లాన్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. రోజుకో సైన్సు ప్రయోగం అంటే సామాన్లు వెతకడంతోనే మనం అలసిపోతాం, పిల్లలకూ ఏదీ గుర్తుండదు. దానికి బదులు ఒకే సంగతిని వారాల తరబడి చూడండి.

నీడ తీసుకోవచ్చు. పొద్దున పిల్లని ఆరుబయట ఒకచోట నిలబెట్టి, పాదాల చుట్టూ సుద్దతో గీయండి, నీడ చుట్టూ ఇంకో గీత. మధ్యాహ్నం ఒక్క నిమిషం, సాయంత్రం మళ్లీ ఒకసారి అవే పాదముద్రల్లో నిలబెట్టి గీయండి. పొడుగు నీడ పొట్టిదై, మళ్లీ పొడుగై, అవతలి పక్కకు తిరిగిపోతుంది. ఎందుకని మీరే చెప్పేయకండి, రెండు మూడు రోజులు ఊహించనివ్వండి. సూర్యుడి వైపు నేరుగా చూడకూడదని మాత్రం మొదటిరోజే గట్టిగా చెప్పాలి.

చంద్రుడైతే ఇంకా తేలిక. అమావాస్య నుంచి అమావాస్యకు సుమారు 29న్నర రోజులు. నోటుబుక్కులో ముప్పై గుండ్రాలు గీసి పెట్టి, కనిపించిన రోజల్లా చంద్రుడి ఆకారం నింపమనండి. రోజు రోజుకీ చంద్రుడు సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు కాబట్టి, కొన్నాళ్లకు పిల్లలు పడుకునే వేళకు ఆకాశం ఖాళీగా ఉంటుంది. అప్పుడు పొద్దున వెతకమనండి. పగటిపూట తెల్లగా కనిపించే చంద్రుణ్ణి తామే కనిపెట్టామన్నంత సంబరపడతారు.

మా ఇంట్లో ఎక్కువ కాలం నిలిచిన పరిశీలన మాత్రం చిక్కుడు గింజ. గాజు గ్లాసు లోపలి గోడకు ఆనించి తడి టిష్యూ కాగితం, ఆ కాగితానికీ గాజుకూ మధ్య గింజ. తడి ఆరకుండా రోజూ కాసిని నీళ్లు. కొద్ది రోజుల్లో గింజ పగిలి ముందు వేరు వస్తుంది, మొలక తర్వాతే. వేరు రెండు వేళ్ల మందం పెరిగాక గ్లాసును పక్కకు పడుకోబెట్టాం. మర్నాటికి వేరు కొస మెల్లగా వంపు తిరిగి మళ్లీ నేల వైపు చూస్తోంది. మా చిన్నాడు బోర్లా పడుకుని చాలాసేపు చూసి, "దానికి కళ్లు లేవు కదా, కింద ఎటో ఎలా తెలిసింది?" అన్నాడు. ఆ ప్రశ్నను ఒక వారం అలాగే ఉంచాం. వెలుతురు వల్లేమోనని వాడే గ్లాసును చీకటి అలమరలో పెట్టి చూశాడు. అక్కడా వేరు కిందికే వంగింది. అప్పుడు చెప్పాను. వేరు కొసలోని కొన్ని కణాల్లో సన్నటి పిండి రేణువులు ఉంటాయి. సీసాలో ఇసుక జారినట్టు అవి ఎప్పుడూ కింది వైపుకు చేరతాయి. గ్లాసు తిప్పితే అవీ జారతాయి, వేరుకు ఆచూకీ అక్కడ దొరుకుతుంది. వాడు వెంటనే ఒక సీసాలో ఇసుక పోసి అటూ ఇటూ తిప్పుతూ ఇల్లంతా తిరిగాడు. ఈ ఒక్క గింజ మాకు మూడు వారాలు సరిపోయింది, కొలవడం, బొమ్మ గీయడం, తేదీ రాయడం అన్నీ దాంతోనే అయిపోయాయి.

ఐదో పని: ఒక బుట్ట

చదువుకు కావలసినవన్నీ ఒకే బుట్టలో ఉండాలి. రెండు పుస్తకాలు, పది గింజల డబ్బా, పాచికలు, చెక్కిన పెన్సిళ్లు, పరిశీలన నోటుబుక్కు, కత్తెర, జిగురు. పెన్సిల్ వెతకడానికి లేచామంటే ఆ రోజు చదువు సగం పోయినట్టే, ఇది నా అనుభవం. వారానికొక సాయంత్రం పదిహేను నిమిషాలు కూర్చుని బుట్టలో పుస్తకాలు మార్చుకుంటే మిగతా రోజుల్లో ఆలోచించాల్సిన పని లేదు.

ఇద్దరు పిల్లలుంటే పరిశీలన, కథ ఇద్దరికీ కలిపే. చదవడం, లెక్కలు మాత్రం విడివిడిగా, ఒకరికి చెబుతున్నప్పుడు రెండోవాళ్లకు జిగురు, కాగితాలు. పెద్దవాళ్లతో చిన్నవాళ్లకు కథ చదివించండి. తమ్ముడు వింటున్నాడంటే మా అమ్మాయి ఒత్తులు ఎంత శ్రద్ధగా పలికేదో.

మిగతా రోజు

ఖాళీ సమయం ప్లాన్‌లో భాగమే, దాన్ని క్లాసులతో నింపేయకండి. "బోర్ కొడుతోంది" అని వస్తారు. రానివ్వండి. వెంటనే ఏదో ఒకటి అందించకుండా పావుగంట ఓపిక పట్టండి, దుప్పట్లతో గుడారమో, డబ్బాలతో రైలో మొదలవుతుంది. చేతికి అందేలా పాత అట్టపెట్టెలు, తాళ్లు, నీళ్ల బకెట్టు, మట్టి ఉంటే చాలు. నీళ్ల దగ్గర ఆడుతున్నంతసేపూ పెద్దవాళ్లు పక్కనే ఉండాలి.

ఒళ్లు కదలాలి. మూడు నాలుగేళ్ల పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు ఏదో ఒక రకంగా కదులుతూ ఉండాలని, కూర్చుని చూసే స్క్రీన్ గంట దాటకూడదని, నిద్ర 10 నుంచి 13 గంటలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఐదేళ్లు దాటినవాళ్లకు రోజుకు సగటున 60 నిమిషాలు బాగా చెమట పట్టే ఆట కావాలి. ఎండ ముదిరే వేళ లోపల, పొద్దునా సాయంత్రం బయట. పగటి వెలుతురులో తిరగడం కళ్లకూ మంచిది. చైనాలోని గ్వాంగ్‌జౌ బడుల్లో ఒకటో తరగతి పిల్లలకు రోజూ 40 నిమిషాల ఆరుబయటి సమయం అదనంగా ఇచ్చి మూడేళ్లు చూశారు. ఆ పిల్లల్లో కొత్తగా హ్రస్వదృష్టి (దూరంగా ఉన్నవి మసకగా కనిపించడం) వచ్చినవాళ్లు 30.4 శాతం, అలా ఇవ్వని బడుల్లో 39.5 శాతం. 2015లో ఈ ఫలితాలు వచ్చాయి. చదివించలేకపోయిన రోజు పిల్లల్ని బయటికి తీసుకెళ్లండి, ఆ రోజు వృథా అయినట్టు కాదు.

స్క్రీన్ విషయంలో మాకు ఒకటే నియమం: పొద్దున చదువు, ఆట అయ్యేదాకా టీవీ, ఫోన్ ఉండవు. మధ్యాహ్నం ఒక నిర్ణీత సమయం. ఎప్పుడు దొరుకుతుందో తెలిస్తే రోజంతా అడగరు.

కుదరని రోజులు

కుదరని రోజులు వస్తాయి. అలాంటప్పటికి ఒక అతి చిన్న ప్లాన్ ముందే పెట్టుకోండి. మాకది రాత్రి కథ ఒక్కటే. అది జరిగితే రోజు జరిగినట్టే. పోయిన రోజులను మర్నాడు కలిపి చేయించకండి. బాకీ తీర్చే చదువు పిల్లలకూ మనకూ శిక్షలా మారుతుంది.

పిల్లలు మొండికేస్తే ముందు నిద్ర, ఆకలి చూడండి. అవి సరిగ్గానే ఉంటే పని కష్టంగా ఉందేమో చూడండి, ఒక మెట్టు దించండి. మూడు రోజులు వరసగా ఏడుపులతో ముగిస్తే ఒక వారం ఆపేయండి, ఏమీ కాదు. ఏడేళ్లు దాటినా అక్షరాలు, శబ్దాలు ఎంతకీ నిలబడకపోతే మాత్రం బద్ధకం అని తిట్టకుండా చూపు, వినికిడి పరీక్ష చేయించండి, ఆ తర్వాత పిల్లల నిపుణులతో మాట్లాడండి. త్వరగా తెలిస్తే సాయం త్వరగా అందుతుంది.

మూడో వారం ముగిశాక ఒకసారి ప్లాన్ తిరగేయండి. దీనికోసం రోజూ రెండు లైన్లు రాసుకుంటే బాగుంటుంది: ఏం చేశాం, ఎక్కడ కళ్లు మెరిశాయి. నచ్చనిది తీసేయండి. లక్ష్యం ముందే అందితే కొత్తది వెంటనే తగిలించకండి, ఆ పుస్తకాన్నే ఆడుతూ పాడుతూ చదవనివ్వండి.

చివరి వారం

బడికి వెళ్లే పిల్లలైతే రెండు వారాల ముందు నుంచే పడుకునే వేళను రెండు మూడు రోజులకొకసారి పావుగంట ముందుకు జరుపుతూ రండి. ఒకేసారి గంటన్నర మార్చడం ఎవరివల్లా కాదు.

ఇంకొక పని ఉంది, అయితే దాన్ని మొదటిరోజే మొదలుపెట్టాలి. పిల్లలు ఒక పేజీ చదువుతుంటే ఫోన్‌లో ఒక నిమిషం రికార్డు చేసి పక్కన పెట్టండి. వాళ్లకు వినిపించొద్దు. చివరిరోజు అదే పేజీ మళ్లీ చదివించి రికార్డు చేయండి, తర్వాత రెండూ ఒకదాని వెంట ఒకటి వినిపించండి. మా అమ్మాయి మొదటి దాంట్లో "గొ… గొ…" అని ఆగిపోయిన చోట ఊపిరి బిగబట్టింది. రెండో దాంట్లో గొర్రె గబుక్కున వచ్చేసింది. "ఇంకోసారి పెట్టమ్మా" అంది. నాలుగుసార్లు పెట్టాను.